పద్నాలుగేళ్ళ గట్టు

పెంటపాడు ప్రాంతపు హైస్కూలులో నా బల్ల మీదివాడే. లెక్కల్లో నాకంటే గట్టివాడు. తొమ్మిదో తరగతిలో ఊడ్పులొచ్చాయి. తల్లి ఊడ్పుకు, వాడు నారుకట్టలు మోయడానికి చేలో దిగారు. వాడు మళ్ళీ బడికి రాలేదు.

1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాకు పంట తెచ్చింది. భూమి గలవాడికి బిడ్డను చదివించే స్తోమతూ తెచ్చింది. 1959 చట్టంతో జిల్లా బోర్డుల బళ్ళు జిల్లా పరిషత్తుల చేతికొచ్చాయి. బడి ప్రజలదైందన్నారు. ఏ ప్రజలది?

2009 విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకానే హామీ ఇచ్చింది. అనగా హైస్కూలు సగంలోనే హక్కు ఆగిపోతుంది. 2016 బాలకార్మిక సవరణ చూడండి: పద్నాలుగు దాటితే, ప్రమాదం లేని పనికి పెట్టుకోవచ్చునంది. రెండు చట్టాలకూ గట్టు ఒక్కటే!

మొన్న వాడు కనిపించాడు. మనుమరాలు తొమ్మిదిలో ఉందట.

"ఊడ్పులకు పంపనండీ" అన్నాడు.

ఒకే బల్లన కూర్చున్నవాడు, నన్ను 'అండీ' అన్నాడు.