పెదనాన్న తప్పెటకి ఒక చిరునామా

‘లింకు పంపరా’ అని ఎవరైనా అడిగితే మనం ఆలోచించకుండా పంపేస్తాం. కానీ లింకుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, వీడియో ఉన్న పేజీకి తీసుకెళ్లేది. యూట్యూబ్ లింకు, గూగుల్ డ్రైవ్ షేర్ లింకు ఈ రకం. నొక్కితే ముందు పేజీ తెరుచుకుంటుంది. అందులో వాళ్ల ప్లేయరు ఉంటుంది. ఒక్కోసారి ప్రకటనలు, ఒక్కోసారి ‘లాగిన్ అవ్వండి’ అనే మాట. రెండోది నేరుగా ఫైలు దగ్గరికే వెళ్లేది. దాని చివర చాలాసార్లు డాట్ ఎంపీ4 అని కనిపిస్తుంది. మధ్యలో పేజీ ఉండదు. బ్రౌజర్లో కొట్టినా, వీఎల్‌సీలో నెట్‌వర్క్ స్ట్రీమ్ దగ్గర అతికించినా, మన సొంత వెబ్ పేజీలో పెట్టుకున్నా వీడియో ఆడుతుంది. దీన్నే డైరెక్ట్ లింకు అంటాం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఈ తేడా నాకు రోజూ ఎదురయ్యేదే. కానీ మా ఇంట్లోవాళ్లకి కూడా ఇది అవసరపడుతుందని మా పెదనాన్న తప్పెటగుళ్ల వీడియో వల్లే తెలిసింది.

మాది వజ్రపుకొత్తూరు మండలం. పలాసలో బస్సు దిగి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకటి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉంటుంది కాబట్టే మా ప్రాంతాన్ని ఉద్దానం అన్నారని పెద్దవాళ్లు చెబుతారు. పెదనాన్న తప్పెటగుళ్ల బృందంలో పెద్ద. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని గెంతుతూ పాడుతుంటే ఊరంతా నిద్ర మానేసి కూర్చునేది. 2017లో అమ్మవారి సంబరానికి ఆయన ఆడిన ఆటని కాశీబుగ్గ నుంచి వచ్చిన కెమెరా అబ్బాయి 48 నిమిషాలు తీశాడు. వెనకాల లైట్ల వెలుగులో మా కొబ్బరితోట కనిపిస్తూ ఉంటుంది.

మరుసటి ఏడాది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మా తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత రెండేళ్లకి పెదనాన్నకి కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఈ జబ్బు మాట వినని ఇల్లు అరుదు. దశాబ్దాలుగా పరీక్షలు చేస్తున్నా ఫలానా దానివల్లే అని కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పెదనాన్నకి ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. తప్పెట గోడకి వేలాడుతోంది.

అంటే ఆయన గెంతిన కాళ్లూ, కూలిపోయిన తోటా రెండూ ఆ ఒక్క ఫైల్లోనే మిగిలాయి.

కువైట్‌లో ఉన్న మా అక్క, పెదనాన్న కూతురు, ఒకరోజు ఫోన్ చేసింది. ‘తమ్ముడూ, మా గుంటలు తాతని మంచం మీదే చూశారురా. ఆట చూపిద్దామంటే నా దగ్గరున్న ముక్కలో మొహమే కనబడట్లేదు’ అంది. వాట్సాప్‌లో చేతులు మారి మారి ఆ ముక్క మసకబారిపోయింది. వీడియోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే కుదించదు కానీ 2 జీబీ దాటనివ్వదు. మా ఫైలు 3.6 జీబీ. యూట్యూబ్‌లో లింకు ఉన్నవాళ్లకే కనపడేలా పెట్టొచ్చు, అదీ మంచి దారే. కానీ అమ్మవారి పాట మధ్యలో సబ్బు ప్రకటన రావడం పెదనాన్నకి ఇష్టం లేదు. ‘మనోళ్లు సూసుకుంటే సాలు. మనదేటో మన దగ్గరే ఉండాల’ అన్నాడు. అందుకని నెలకి కొద్ది డబ్బు కట్టి సర్వర్లో కాస్త చోటు తీసుకున్నాను.

ఫైలు ఎక్కించేస్తే పని అయిపోదు. డైరెక్ట్ లింకు సరిగ్గా ఆడాలంటే నాలుగు సంగతులు చూసుకోవాలి. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, కోడెక్. ఫైలు పేరు ఎంపీ4 అయినా లోపల వీడియోని ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే విషయం. హెచ్.265 అయితే కొన్ని ఫోన్లలో, పాత టీవీల్లో ఆడదు. హెచ్.264 దాదాపు అన్నిట్లో ఆడుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో హెచ్.264లోకి మార్చి, 720పీకి తగ్గిస్తే మా 3.6 జీబీ 540 ఎంబీకి వచ్చింది. పెదనాన్న మొహం మాత్రం స్పష్టంగానే ఉంది.

రెండోది, విషయసూచిక. ఎంపీ4 ఫైల్లో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే భాగం ఒకటుంటుంది. చాలా ఫైళ్లలో అది చివర ఉంటుంది. పుస్తకానికి సూచిక ఆఖరి పేజీలో ఉన్నట్టు. నెట్ నెమ్మదిగా ఉంటే ప్లేయరు దానికోసం తిరుగుతూనే ఉంటుంది. ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షన్ పెట్టి మారిస్తే ఆ భాగం ముందుకొస్తుంది, ఆట వెంటనే మొదలవుతుంది.

మూడోది, ముక్కలుగా ఇవ్వడం. మీరు వీడియోని 30వ నిమిషానికి జరిపితే ప్లేయరు మొత్తం ఫైలు అడగదు, ‘ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా ఇవ్వు’ అంటుంది. సర్వర్‌కి అది తెలిస్తే 206 అనే కోడ్‌తో అంతవరకే ఇస్తుంది. ఆ సదుపాయం లేని సర్వర్లో ముందుకి జరపడం కష్టం.

నాలుగోది, అది వీడియో అని సర్వర్ సరిగ్గా చెప్పడం. చెప్పకపోతే బ్రౌజర్ ఆడించకుండా డౌన్‌లోడ్ మొదలెడుతుంది.

ఇవన్నీ అయ్యాక అక్కకి లింకు పంపాను. శుక్రవారం వాళ్లకి సెలవు. టీవీలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ చూశారు. చిన్నోడు స్టీలు పళ్లెం గుండెకి కట్టుకుని గెంతుతున్న ఫోటో వచ్చింది. డయాలసిస్ బెడ్ మీద పెదనాన్న ఆ ఫోటోని చాలాసేపు పెద్దది చేసి చూశాడు.

తర్వాత బంధువుల్లో ఒక కుర్రాడు ఇంకో వీడియో పంపాడు. పెదనాన్న గొట్టాల మధ్య పడుకున్న రెండు నిమిషాల ముక్క. ‘అన్నయ్యా, దీనికీ లింకు చెయ్యి. నలుగురికీ పంపితే సాయం వస్తుంది’ అన్నాడు. వాడి మనసు మంచిదే, ఖర్చులూ నిజమే. అయినా పెదనాన్నని అడక్కుండా చెయ్యనన్నాను.

ఎందుకంటే మామూలు డైరెక్ట్ లింకుకి తలుపుంటుంది కానీ తాళం ఉండదు. అది ఎవరి చేతికొస్తే వాళ్లు చూస్తారు, ఇంకొకరికి పంపుతారు, దాచుకుంటారు. కొన్ని గంటల తర్వాత పనిచేయడం మానేసే లింకులూ తయారు చేయొచ్చు. ఆలోపు దాచుకున్నవాణ్ని అవి ఆపలేవు. ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

‘మల్లీ తీసేస్తే పోద్దా?’

‘మన దగ్గర పోతుంది పెదనాన్నా. దాచుకున్నోళ్ల దగ్గర పోదు.’

‘అయితే ఒగ్గేయ్. నన్ను ఆడుతుండగా సూడనీ’ అన్నాడు.

సాయం అడగాల్సినవాళ్లని మేమే ఫోన్ చేసి అడుగుతున్నాం. జబ్బుపడ్డ మనిషి వీడియోని మనం జాలితోనే పంపుతాం. కానీ తను ఎలా కనబడాలో చెప్పే హక్కు ఆ మనిషికి ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ మధ్య సర్వర్ లెక్కల్లో వాడకం ఒక్కసారిగా పెరిగింది. పక్క ఊరి కుర్రాళ్లు తమ సంబరం పేజీలో మా లింకు పెట్టుకున్నారు. వీడియో వాళ్ల పేజీలో ఆడుతుంది, ఖర్చు మా సర్వర్ మీద పడుతుంది. 40 మంది పూర్తిగా చూస్తే 21 జీబీ దాటుతుంది. దీన్ని హాట్‌లింకింగ్ అంటారు. సర్వర్లో ఒక నియమం పెట్టి ఆపొచ్చు. మీరు వేరేవాళ్ల డైరెక్ట్ లింకుని మీ పేజీలో పెట్టేముందు మాత్రం ఒక్క మాట అడగండి. మేము ఆపలేదు. ‘ఆల్లూ మనోళ్లేరా’ అన్నాడు పెదనాన్న. వాళ్లలో ఇద్దరొచ్చి ఆయన దగ్గర తప్పెట దరువు అడిగి నేర్చుకుంటున్నారు కూడా.

లింకు అనేది చిరునామా మాత్రమే, ఇల్లు కాదు. నేను డబ్బు కట్టడం ఆపేస్తే ఏదో ఒక రోజు ఆ చిరునామాలో ఏమీ ఉండదు. అందుకే అసలు 3.6 జీబీ ఫైలుని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాను. ఒకటి ఊళ్లో బీరువాలో ఉంది. రెండోది ఈసారి సెలవులకి వచ్చినప్పుడు అక్క కువైట్ తీసుకెళ్తుంది.