మిద్దెల సీమలో

గుంటూరు వైపు నుంచి నంద్యాలకు రైల్లో వచ్చేవారికి నల్లమల అడవి దాటడమే ఒక వేడుక. లోయలూ, సొరంగాలూ, వెదురు పొదలూ చూస్తూ పిల్లలు కిటికీలు వదలరు. అడవి అయిపోయి మైదానం విప్పారగానే నా చూపు మాత్రం ఇళ్ల కప్పుల మీదికి పోతుంది. మాది కోస్తా. మా వైపు పల్లెల్లో కప్పు అంటే వాలుగా ఉండవలసిందే. తాటాకైనా సరే, పెంకైనా సరే, పడిన వాన పడినట్టే జారిపోవాలి. ఇక్కడ ఊళ్లకు ఊళ్లే బల్లపరుపు! ఎవరో పెద్ద కత్తి తీసుకుని ఇళ్ల నెత్తులన్నీ సమంగా కోసినట్టుంటుంది.

ఇందుకు కారణం తెలుసుకోవటానికి గొప్ప పరిశోధన అక్కరలేదు. సీమలో వాన తక్కువ, రాయి ఎక్కువ. అనంతపురంలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. నంద్యాల ప్రాంతం అంతకంటె కొంచెం మెరుగు. బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల భూమి తవ్వితే రాయి పొరలు పొరలుగా, పలకలుగా లేస్తుంది. చేతికందిన బండను గోడల మీద పరిచి, పైన మన్ను కప్పితే మిద్దె అయింది. ఎండాకాలం రాత్రి పడకకూ, పగలు మిరపకాయలు ఆరబోయటానికీ కూడా అదే చోటు.

నిరుడు మే నెలలో, యాగంటి, బెలుం గుహలు చూద్దురుగాని రమ్మని నా పాత విద్యార్థి ఒకడు పిలిస్తే వెళ్లాను. అతనికి నంద్యాలలో డాబా, బనగానపల్లె అవతల ఒక పల్లెలో తాతలనాటి మట్టిమిద్దె ఉన్నాయి. ముందు పల్లెకు తీసుకుపోయాడు. బయట నిప్పులు చెరుగుతున్నది. గడప దాటి లోపల కాలు పెట్టగానే ప్రాణం లేచివచ్చింది. మూరెడు మందం గోడలు, పైన దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద బండలు, ఆ పైన జానెడు మన్ను. మధ్యాహ్నపు ఎండ అంత మన్ను దాటి లోపలికి దిగేసరికి పొద్దు గూకుతుంది. గాలీ వెలుతురూ రావటానికి కప్పులో ఒక గవాక్షం. వాన వస్తే దాన్ని బండతో మూస్తారు.

మట్టి కప్పు వానకు కరిగిపోదా అని అడిగాను. నాతో వచ్చిన ముసలి బేల్దారి (తాపీ మేస్త్రీని ఇక్కడ అలాగే అంటారు) నవ్వి, మిద్దె ఎక్కించాడు. పైపొర బూడిదరంగులో, గట్టిగా ఉన్నది.

“ఇది చౌడు సారూ. దీంట్లో గడ్డి గూడా మొలవదు. పైరుకు పనికిరాని మన్నే మిద్దెకు పనికొస్తాది” అన్నాడు.

చౌడులో సోడియం ఎక్కువ. తడిసినప్పుడు అందులోని సన్నని బంకమట్టి రేణువులు విడివడి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. పై రెండంగుళాలూ తడిసి అడ్డం కట్టుకుంటే కింది మన్ను పొడిగానే ఉంటుంది. పొలంలో రైతును ఏడిపించే గుణమే కప్పు మీద కాపు కాస్తుందన్నమాట. అయితే వాన చౌడును కొంత కోసుకుపోతుంది. తొలకరికి ముందు ఏటేటా కొత్త చౌడు తెచ్చి పరచాలి. పాతది గీకి తీయకుండా వేస్తూ పోతే మరో ప్రమాదం. చదరపు మీటరుకు అంగుళం మన్ను నలభై కిలోల దాకా తూగుతుంది. దూలం పుచ్చి ఉండి, ముసురు పట్టి మన్ను నానితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పాత మిద్దె కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్త వానాకాలంలో పత్రికల్లో చదువుతూనే ఉంటాము. అందుకే పాతవన్నీ బంగారమని పొగిడేవారితో నాకు పేచీ.

సాయంత్రం బెలుం వెళ్లాము. 3,229 మీటర్ల పొడవు గుహ. 2002లో సందర్శకుల కోసం తెరిచారు. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, సున్నపురాతిని కరిగించి, చుక్కచుక్కగా దిగి, మళ్లీ ఆ సున్నాన్నే వేలాడే కొమ్ములుగా పేర్చింది. అందరూ ఆహా అంటున్నారు, నేనూ అన్నాను. మా వాడు మాత్రం తల పైకెత్తి, “మా ఇంట్లో గూడా ఇట్లాంటివే మొలుస్తున్నాయి సార్” అన్నాడు. పరిహాసమనుకున్నాను.

ఆ రాత్రి నంద్యాల డాబాలో పైగది కప్పు చూపించాడు. నిజమే! కాంక్రీటు పగుళ్ల వెంట తెల్లని చారలు, ఒకచోట చిటికెనవేలు గోరంత కొమ్ము. స్లాబులోని సున్నమే నీటితో దిగివచ్చి అలా గడ్డకట్టింది. దాని పక్కన చేటంత మేర పెచ్చు ఊడి, ఇనుపచువ్వ ఎర్రగా తుప్పుపట్టి కనిపిస్తున్నది. సరిగ్గా దాని కిందనే వాళ్ల అమ్మగారి మంచం.

“ఏం కాదులే నాయనా, ముప్పై ఏండ్ల నుంచి ఈడనే పండుకుంటాండా” అన్నది ఆమె.

కొడుకుకు ఉద్యోగం బెంగుళూరులో. నాలుగు రోజుల సెలవు. మర్నాడు పొద్దున్నే సిలికోన్ పూత వేసే కుర్రవాళ్లు రెండు బక్కెట్లతో వచ్చారు. సాయంత్రానికి పని అయిపోతుందన్నారు.

ఆ పూత మంచిదే. సిలికోన్ మూలధాతువు ఇసుకలోనూ రాతిలోనూ ఉండే సిలికాన్. ఇతర రంగుల్లోని కర్బనపు గొలుసులను ఎండ కొన్నేళ్లలో తెంచి పొడిచేస్తుంది. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఈ గొలుసు అంత సులభంగా తెగదు. పైగా అది సాగుతుంది. మన ఎండలకు సాగే గుణం చాలా అవసరం. మే నెల మధ్యాహ్నం స్లాబు పైతలం 60 డిగ్రీలు దాటుతుంది, తెల్లవారుజాముకు సగానికి దిగుతుంది. ముప్పై డిగ్రీల తేడాకు పది మీటర్ల కాంక్రీటు మూడు మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది. ఈ రోజువారీ సాగుడుకు సిమెంటు పూత చిట్లుతుంది, సిలికోన్ ఓర్చుకుంటుంది. తెల్లది వేస్తే ఎండను తిప్పికొట్టి కింద గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకున్నది.

కాని ఆ బక్కెట్లు చూస్తే నాకు అనుమానం వచ్చింది. ఒక్కొక్కటి పది లీటర్లు. డాబా వెయ్యి చదరపు అడుగులు. ఎండిన తర్వాత పూత అర మిల్లీమీటరన్నా ఉండాలంటే, ఒక్క చుక్క వృథా కాకపోయినా 46 లీటర్లు కావాలి. ఇరవై లీటర్లతో కప్పు తెల్లబడుతుంది గాని నీరు ఆగుతుందా? ఈ గుణకారం చేయటానికి తెలుగు ఎం.ఏ. కూడా చాలు.

బేల్దారి ఏ లెక్కా వేయలేదు. సుత్తితో కప్పంతా తట్టుకుంటూ పోయాడు. నాలుగు చోట్ల డొల్లగా పలికింది. తర్వాత చెంబెడు నీళ్లు పోశాడు. అవి తూము వైపు పోకుండా వయ్యారంగా తిరిగి అమ్మగారి గది మూలకు చేరి కూర్చున్నాయి.

“వాటం లేదు సారూ. మేము చౌడు పరిచినా ముందు వాటమే సూసేది. దోవ సూపీకుంటే నీళ్లు దాని దోవ అదే సేసుకుంటాది. పైన తెల్లగా పూస్తే లోపల కమ్మి తుప్పు ఆగుతాదా?”

ఆగదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. తానున్న కాంక్రీటునే నెట్టి పగలగొడుతుంది. తడి లోపల ఉండగా పైన పూత వేస్తే, ఎండకు ఆ తడి ఆవిరై బొబ్బలు లేపుతుంది. ఇంకో చిక్కు కూడా ఉన్నది. సిలికోన్ మీద మళ్లీ సిలికోనే గాని వేరే ఏదీ అంటుకోదు. రేపు పైన టైల్సు వేద్దామనుకుంటే పాత పూతనంతా గీకవలసిందే.

కొడుకు కాసేపు తటపటాయించాడు. సెలవు నాలుగు రోజులే గదా! చివరకు కుర్రవాళ్లను పంపించి, తల్లి మంచం కిందికి దింపించాడు. ఆమెకు కోపం వచ్చింది. మంచం సంగతి సరే, ఆమె అసలు బాధ వేరు.

“ఆ జారుడు పూత పూస్తే వడియాలు యాడ పెట్టుకోవల్ల?”

ఆ ప్రశ్నకు ఏ డబ్బా మీదా జవాబు లేదు. తడిసిన సిలికోన్ నిజంగానే జారుతుంది. దుమ్మును కూడా బాగా పట్టుకుంటుంది. కడగకపోతే రెండేళ్లకు తెలుపు తగ్గి చల్లదనమూ తగ్గుతుంది. మంచం కోళ్లు ఈడిస్తే గీరుకుపోతుంది. పడకకూ, వడియాలకూ, పిల్లల ఆటలకూ అలవాటుపడిన డాబాను ఇక అడపాదడపా, చెప్పుల్లేకుండా తొక్కే చోటుగా చూసుకోవాలి. ఇల్లాలిని అడగకుండా నిర్ణయించే సంగతి కాదిది.

పని నెలన్నర పట్టిందట. డొల్ల భాగాలు కొట్టేసి, చువ్వలు తెల్లగా తోమి, తినేసిన చోట కొత్తవి కలిపి, మళ్లీ పూడ్చారు. తూము వైపు నూరడుగులకు అడుగు చొప్పున వాటం తీశారు. పిట్టగోడ అడుగు మూలను గుండ్రంగా మెత్తారు. మధ్యలో రెండు వానలు పడితే టార్పాలిన్ కప్పారు. బాగా ఆరిన తర్వాతే సిలికోన్, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. యాభై లీటర్లు పట్టింది.

జూలై చివర ఫోను చేశాడు. తూము మూసి, అంగుళం నీరు రెండు రోజులు నిలిపి చూస్తే కింద చెమ్మ కూడా కనిపించలేదట. అమ్మగారు పైగదికి తిరిగి వెళ్లారు. వచ్చే ఎండాకాలం వడియాలకు పక్కింటి మిద్దె మాట్లాడుకున్నారు, వాళ్లది ఇంకా గరుకు సిమెంటే.