ఆవు పేరు మీద రోడ్డు, ఆవు పేరు మీద ఏరు



పొద్దున లేస్తే మనకు ఆవుతోనే పని. ఆ మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? "ఆవు" అచ్చంగా మన ద్రావిడ మాట. పాత తమిళంలో "ఆ" అంటారు. "గోవు" మాత్రం సంస్కృతం నుంచి వచ్చింది. ఆ గోవుకు ఐర్లండ్‌లో ఒక తోబుట్టువు ఉంది.

ఐరిష్ భాష కెల్టిక్ కుటుంబంది. అందులో ఆవును "బో" అంటారు. గో, బో రెండూ వేల ఏళ్ల కిందట ఒక్కటే మాట. అప్పట్లో పెదాలు గుండ్రంగా చుట్టి "గ్వ" అని పలికేవాళ్లు. సంస్కృతంలో "గ" నిలిచింది, కెల్టిక్‌లో అది పెదాల మీదికి జరిగి "బ" అయింది. ఇంగ్లీషు "కౌ" కూడా ఆ ఇంటి పిల్లే.

ఇక ఆ బో ఎక్కడెక్కడ దూరిందో చూడండి. ఐరిష్‌లో రోడ్డును "బోహర్" అంటారు, అంటే ఆవుల బాట. ఒక ఆవు నిలువుగా, ఒకటి అడ్డంగా పట్టేంత వెడల్పు ఉంటే బోహర్ అని వాళ్ల పాత నిఘంటువు లెక్క చెప్పింది. మగపిల్లాడిని పిలిచే మాటకు అసలు అర్థం పశువుల కాపరి. బోయిన్ నది పేరుకు అర్థం తెల్లావు. 2వ శతాబ్దంలోనే టాలెమీ ఆ నదిని "బువిండా" అని రాసుకున్నాడు. డబ్లిన్‌లో నాణేలు కొట్టడం మొదలైంది 997 ప్రాంతంలో. అంతకు ముందు జరిమానా కట్టాలన్నా పాడి ఆవుల లెక్కే.

మన దగ్గర మాత్రం తక్కువా? పండితులు కూర్చునే "గోష్ఠి" అంటే మొదట ఆవుల దొడ్డి. పరిశోధనకు వాడే "గవేషణ" అంటే తప్పిపోయిన ఆవును వెతకడం. చదువుకున్నోళ్ల మాటలు కూడా మన కొట్టంలో పుట్టినవే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఐర్లండ్‌లో ఇప్పటికీ మనుషుల కంటే పశువులే ఎక్కువ. ఆవు పోలేదు, మాట పోతోంది. 2022 జనాభా లెక్కల్లో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు సుమారు 72 వేల మందే. మిగతావాళ్లు ఆవును ఇంగ్లీషులోనే పిలుస్తున్నారు.

మనకు రెండూ పోయేటట్టున్నాయి. కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. ట్రాక్టరు వద్దని నేను అనడం లేదు. కానీ పెయ్య, కోడె, తొలిచూలు, వట్టిపోవడం, బొల్లావు, మైల ఎద్దు అంటే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పశువు పోతే మళ్లీ సంతలో కొనుక్కోవచ్చు. మాట పోతే ఏ సంతలో దొరుకుతుంది?

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారం కాసేపు పక్కన కూర్చోండి. పశువుల రంగులకు, కొమ్ములకు, వయసుకు వాళ్లు వాడే మాటలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టండి. మీ ఊరి మాట ఒక్కటైనా నాకూ చెప్పండి.