ఉమ్మెత్త విత్తులు – తాతగారి నాడి

మా తాతగారికి ఉబ్బసము. వానకాలము వచ్చినదనిన మా యింట ఎవరికిని నిద్ర యుండెడిది కాదు. నాన్నగారికి బీదరు చెంత కొల్హారు పారిశ్రామిక వాడలో పని దొరకుటచే జహీరాబాదు వైపు పల్లెను విడిచి యిచటికి వచ్చితిమి. తాతగారు తమ వైద్యమును గూడ వెంట తెచ్చుకొనిరి. ఎండిన ఉమ్మెత్త ఆకును చుట్టగా చుట్టి రెండు మూడు దమ్ములు పీల్చెడివారు. ఆయాసము కొంత తగ్గెడిది. కన్నులార చూచినవాడను గనుక కాదనజాలను.

ఆకు కోసి తెచ్చుట నా పని. ఇచటి ఎర్రనేలపై బాట ప్రక్కల ఆ మొక్కకు కొదువ లేదు.

నేను ఏడవ తరగతి చదువుచుండగా ఒకనాటి రాత్రి ముసురు పట్టెను. ఆకులన్నియు తడిసి అంటుకొనలేదు. ఎవరో యెన్నడో చెప్పిన మాటను నమ్మి నాయనమ్మ విత్తులను దంచి కషాయము కాచినది. ముండ్లకాయను చీల్చి ఆ విత్తులు తీసి యిచ్చినవాడను నేనే.

గంట గడవకమునుపే తాతగారి నాలుక పిడచకట్టుకొనిపోయెను. ముఖము ఎర్రబడెను. కనుపాపలు విచ్చుకొని దీపపు వెలుగును ఓర్వలేకుండెను. గాలిలో దారమును లాగుచున్నట్లు వ్రేళ్లు కదల్చుచు, ఎన్నడో చచ్చిన ఎద్దులను పేరు పెట్టి పిలువసాగిరి. వారి మణికట్టు పట్టుకొంటిని. నాడిని లెక్కింప నాకు సాధ్యము కాలేదు.

ఆటోలో నాయనమ్మ నా చెవిలో, "బిడ్డా, దవాఖానల కషాయం సంగతి చెప్పకు, మనల తిడతరు" అన్నది. డాక్టరుగారు కన్నడమున ఏమి తినిరని అడిగిరి. నాయనమ్మ తల వంచుకొనెను. నేను ఒక క్షణము ఊరకుంటిని. ఆ క్షణము నేటికిని నన్ను బాధించును. పిమ్మట "ఉమ్మెత్త" అంటిని. వారికి బోధపడలేదు. కాయకు ముండ్లుండునని చేతితో చూపితిని. అంగడిలో విన్న ఉర్దూ మాట తటాలున తోచినది: "ధతూరా!" డాక్టరుగారు వెంటనే ఇ.సి.జి. తీయించిరి. గుండె నిమిషమునకు 150 సార్లు కొట్టుకొనుచుండెను. రాత్రియంతయు యంత్రము ముందుంచి కనిపెట్టిరి.

విశ్రాంతిగ నున్న పెద్దవారి గుండె నిమిషమునకు 60 నుండి 100 సార్లు కొట్టుకొనును. దానిని పరుగెత్తనీయక కళ్లెమువలె పట్టియుంచు నరమొకటి కలదు. దానిని వేగస్ అందురు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమిన్ మొదలగునవి ఆ కళ్లెమును తెంచివేయును. గుండె వడి హెచ్చును. ఒక్కొక్కసారి లయయే తప్పును. ఆ పదార్థములే మెదడును గూడ కలచివేయును. ఉమ్మెత్త యను పేరు 'ఉన్మత్త' యను సంస్కృత పదమునుండియే వచ్చినది. పేరు పెట్టినవారికి సంగతి తెలియును!

అట్రోపిన్ మందు కాదా యందురేమో. అగును. గుండె మరీ మందగించినప్పుడును, పురుగుమందు త్రాగినవారికిని వైద్యులు దానినే యిత్తురు. కాని వారు మిల్లీగ్రాములలో కొలిచి యిత్తురు. ఒక మొక్క విత్తులకును మరియొక మొక్క విత్తులకును బలము సమానముగ నుండదు. నాయనమ్మ పిడికిలి దానినెట్లు కొలువగలదు? ఆయుర్వేదము సైతము ఉమ్మెత్తను ఉపవిషములలో చేర్చి, శుద్ధి చేయనిదే వాడరాదన్నది. ముడి వత్సనాభియు, గన్నేరును గుండె లయను ఇంతకన్న ఘోరముగ చెరుపగలవు.

మా యింటిది పాత మాట. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున, ఉమ్మెత్త కరోనాను అడ్డునని టిక్‌టాక్‌లో చూచి, రెండు కుటుంబములవారు ఆ రసము త్రాగి ఆస్పత్రి పాలైరి. వారు బ్రతికిరి. ఎవరో యెన్నడో చెప్పిన మాట ఈసారి ఫోనులో వచ్చినది, అంతియే భేదము.

తాతగారును బ్రతికిరి. మూడవనాడు తెలివి వచ్చి, ఎద్దులకు మేత వేసితిరా యని అడిగి, తామే నవ్వుకొనిరి. డాక్టరుగారు వారికొక పీల్చు మందు వ్రాసియిచ్చిరి. అందలి ఇపాట్రోపియం అట్రోపిన్‌నుండి రూపొందించినదేనని పెద్దవాడనైన పిదప చదివి ఆశ్చర్యపడితిని. అది ఊపిరితిత్తులలో పనిచేయును. రక్తములోనికి చేరునది బహు స్వల్పము.

తాతగారు ఆ పీల్చు మందును చుట్టల కట్టవలె దిండు క్రింద దాచుకొనెడివారు. నాయనమ్మ మాత్రము అటుపిమ్మట ఏ దవాఖానకు పోయినను, అడుగకమునుపే "ఉమ్మెత్త, ధతూరా, ఏమీ తినలేదు" అని రెండు భాషలలో చెప్పెడిది.