మంగినపూడి యాత్ర – కాటనుదొరగారి యింటి ముచ్చట

కార్తిక పూర్ణిమనాడు మంగినపూడిలో సముద్రస్నానము చేయవలెనని మా అత్తగారికి బహుదినములనుండి కోరిక. ఆ కోరికకు తోడు ఈసారి మరియొక పనియు తటస్థించెను. బందరునకును మంగినపూడికిని నడుమ, కాలువ కట్టకడపట, మాకు రెండెకరముల మాగాణి కలదు. దానిని రొయ్యల చెరువు క్రింద కౌలున కిమ్మని యొకరు మావారిని అడుగుచుండిరి. ఆ భూమి అత్తగారికి పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చినది. కావున ఆమె స్వయముగ చూచి చెప్పినగాని మాట యీయనని మావారు అనిరి.

బెజవాడలో కృష్ణ కడ్డముగ నున్న బ్యారేజిని చూచి అత్తగారు చేతులు జోడించి, “కాటనుదొర కట్టినది ఇదియే గదా?” అనిరి. నాకు తెలిసినంత చెప్పితిని. ఇది 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి. దీనికి పూర్వ మిచ్చట నుండిన ఆనకట్టను 1855లో ముగించినవాడు కాప్టెన్ ఆర్ అను ఇంజనీరు. ఈ ఆర్ అంతకుముందు ధవళేశ్వరమున కాటనుగారి చేతిక్రింద పనిచేసెను. కాటనుగారు జబ్బుపడి సెలవుమీద పోయినపుడు గోదావరి పనిని నడపినవాడును ఇతడే. అనగా కృష్ణకు నీటిపాఠము వచ్చినది గోదావరి బడినుండియే. ఇపుడు 2015 మొదలు పట్టిసీమ ఎత్తిపోతలచే గోదావరి నీరే కృష్ణలోనికి వచ్చుచున్నది.

అత్తగారు సర్వము విని, నేనెదురుచూడని ప్రశ్న వేసిరి. “అమ్మాయీ, ఆ దొరకు పెండ్లాముబిడ్డలు లేరా? ఎవరును చెప్పరేమి?”

సోదరీమణులారా, నిజమే గదా. గుఱ్ఱముమీది కాటనుదొర విగ్రహము కోనసీమలో చూడనివారరుదు. సంకల్పమునందు ఆయనను తలచుకొను బ్రాహ్మణులును కలరు. ఆయన యింటనున్న స్త్రీల మాట మాత్రము వినము. ఆయన కుమార్తె వ్రాసిన జీవితచరిత్రను నేను చదివియుంటిని గాన, బస్సులో బందరు చేరులోపల అత్తగారికి ఆ ముచ్చట చెప్పితిని.

ఆర్థర్ కాటను 1803లో ఇంగ్లండున జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో పదవవాడు. పదునొకండుగురా అని అత్తగారు ఆ తల్లిని తలచుకొని ముక్కుమీద వ్రేలుంచుకొనిరి. పదునెనిమిదవ యేట, 1821లో, కంపెనీవారి సైన్యమున ఇంజనీరుగా చెన్నపట్టణము వచ్చెను. ముందు కావేరి పనులలో పేరుగాంచి, ఆరోగ్యము చెడి, ఆస్ట్రేలియా దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమునకు విశ్రాంతికై పోయెను. అచ్చట 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడెను. మరుసటియేట కుమార్తె కలిగెను. ఆ బిడ్డతో ఆ యిల్లాలు మన యెండలలోనికి వచ్చినది. 1847 మొదలు 1852 వఱకు గోదావరి నాలుగు పాయల కడ్డముగ ఆనకట్ట లేచుచుండగా, కాపురము ధవళేశ్వరమున నది యొడ్డుననే. భర్త ఆరోగ్యమా, అంతంతమాత్రము. వరద వచ్చిన కట్టిన పని ఏమగునో యను దిగులొకటి. ఆ యిల్లాలి పేర ఏ విగ్రహమును నేను చూచి యెఱుగను.

ఆయన దేవుడని నేననను. కంపెనీవారు పన్ను రాబడి చూచుకొనియే సొమ్మిచ్చిరి. నీరు పాఱిన భూమికి శిస్తును పెరిగెను. కాని 1833 నాటి కఱవున గుంటూరు సీమలో జనము చచ్చిన తీరు విన్నవారికి ఆ కాలువల విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

1860లో ఆయన ఉద్యోగము విరమించెను. మఱుసటియేట సర్ బిరుదము వచ్చెను. పింఛను పుచ్చుకొని కూర్చుండువాడు కాడు. రైళ్లకన్న పడవలు పోవు కాలువలే ఈ దేశమునకు మేలని వాదించి వాదించి, 1878లో పార్లమెంటు సంఘమువారి యెదుట నిలిచి సమాధానములు చెప్పుకొనవలసి వచ్చెను. డెబ్బదియేండ్లు దాటిన పిదప అరబ్బీ భాషకు వాచకము వ్రాసెను. డోర్కింగ్ అను గ్రామపట్టణమున కాపురముండి, అచ్చట నేలను లోతుగ త్రవ్వించి గోధుమ విత్తి, పంట ఎంత హెచ్చునో లెక్కలు వ్రాసికొనుచుండెను. అదియే ఊరిలో కుమార్తె కూలివాండ్రకై కాఫీగది పెట్టినది. సారాదుకాణమునకు పోవువాడు ఆ కాసుతో వేడి కాఫీ త్రాగి యింటికి చేరవలెనని ఆమె తలంపు. ఇది వినగనే అత్తగారు, “ఆ పిల్ల తండ్రికి తగినదే” అనిరి. ఈమె 1877లో నౌకాసేనాధిపతియైన హోపుగారిని పెండ్లాడి, నాలుగేండ్లకే వితంతువయ్యెను. కాటనుగారు 1899 జూలై 24వ తేదీన, తొంబదియాఱవ యేట గతించగా, మఱుసటియేట ఆయన చరిత్రను గ్రంథముగ ప్రకటించినది ఈమెయే. తండ్రి పనిని లోకము మఱువకుండ చేసినది కూతురు.

ఇంతలో బందరు వచ్చెను. చిలకలపూడిలో పాండురంగని దర్శించి మంగినపూడికి పోతిమి. ఇచ్చట ఇసుకకన్న నల్లమట్టి హెచ్చు. చాలదూరము లోనికి నడచినను నీరు మోకాళ్లకు మించదు; ముసలివారికిని పిల్లలకును స్నానము సులభము. అత్తగారు నా చేయి పట్టుకొని మూడు మునుగులు మునిగి, లేచి సముద్రమును చాలసేపు చూచుచుండిరి. ఇంత శాంతముగ నున్న యీ సముద్రమే 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పదుమూడడుగుల ఉప్పెనగ బందరుపై బడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. అప్పటికి కృష్ణ ఆనకట్టకు తొమ్మిదేండ్లే. 1977లో దివిసీమ మునిగినది మా అత్తగారి కన్నుల యెదుటి సంగతి. దానిని గూర్చి ఆమె మాటలాడరు, నేను నడుగలేదు.

తిరిగి వచ్చుచు పొలముకడ దిగితిమి. మూడు ప్రక్కల రొయ్యల చెరువులు. నడుమ మా రెండెకరములు, ఈనిన వరితో. తూరుపు మూల చేను పసుపువారి గింజ తాలుపోయెను. గట్టున తెల్లని చవుడు పొర. పిల్లకాలువలో నీరు పాదము తడిపినంత. పైవారు వాడుకొనగ మిగిలినది మాకు. చెరువుల ఉప్పునీరు ప్రక్కనుండి ఊరుచున్నదని పాలికాపు చెప్పెను. కౌలు సొమ్మో, పంటవలన వచ్చుదానికి ఎన్నియో రెట్లు. ఆ సొమ్ముతో పిల్లవాని చదువు ముగియునని నా మనసున లేకపోలేదు.

అత్తగారు వంగి కాలువనీటిలో వ్రేలు ముంచి నాలుకపై నుంచుకొనిరి. పిదప గట్టువార నీటిని అటులే చూచి ఉమిసిరి.

“ఒకసారి ఉప్పునీరు నిలబెట్టినచో మరల వరి పండునా?” అని పాలికాపు నడిగిరి.

“కష్టమమ్మగారూ” అనెను.

ఆమె కొంచెముసేపు ఊరకుండి, “ఆ దొర ముసలితనమున లోతు దున్నినచో పంట హెచ్చునని చూచెనంటివి గదా, అమ్మాయీ. మనమును ఒక్క యేడు చూతము. కాదనిన అప్పుడిత్తము” అని, తూరుపు మూలనుండి గుప్పెడు, నడిమినుండి గుప్పెడు మన్ను తీసి వేఱువేఱుగ కొంగున ముడి వేసికొనిరి.

మావారు కౌలుదారునకు ఈ యేటికి వలదని చెప్పిరి. ఆయన ముఖము చిన్నబోయినమాట వాస్తవము. ఆ మన్నును పరీక్షకు పంపితిమి. జవాబింకను రాలేదు.