నల్లమల దారిలో మా గుర్తులు

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే దట్టమైన నల్లమల అడవి. రాత్రివేళ వాహనాలను పోనివ్వరు. చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. అందుచేత ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట, పాతాళగంగ మెట్లు, చివరి పెట్రోలు బంకు, పంక్చరు షాపు – ఇవన్నీ మేము కారులోని గార్మిన్ నూవి పరికరంలో గుర్తులుగా భద్రపరచుకున్నాము.

పరికరం పాతబడినది. అది మొరాయిస్తే ఏళ్ళ తరబడి కూర్చుకున్న గుర్తులన్నీ దానితోనే పోతాయి. కనుక వాటిని కంప్యూటరుకు చేర్చాము. పని సులభమే. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే పరికరం ఒక డ్రైవ్‌గా కనిపిస్తుంది. గార్మిన్ ఫోల్డరులోని జీపీఎక్స్ ఫోల్డరులో ‘కరెంట్.జీపీఎక్స్’ అనే ఫైలు ఉంటుంది. దానిని కాపీ చేసి గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే గుర్తులన్నీ పటంపై ప్రత్యక్షమవుతాయి.

అంకెలను చేతితో వ్రాసుకొనేవారు దశాంశ స్థానాలను కుదించరాదు. శ్రీశైలం 16.07 ఉత్తర అక్షాంశం, 78.87 తూర్పు రేఖాంశం అని రెండు స్థానాలతో ఆపితే అర కిలోమీటరుకు పైగా తేడా రావచ్చును. అయిదు స్థానాలుంటే తేడా ఒక మీటరు లోపే. ఘాట్‌రోడ్డులో అర కిలోమీటరంటే లోయకు ఆవలి గట్టు!

కార్తీకమాసంలో మల్లన్న దర్శనానికి బయలుదేరే సహోద్యోగులకు ఆ చిన్న ఫైలే ఇప్పుడు మేమిచ్చే దారిబత్తెము.