బేతంచెర్ల రైలు దారి, ఫిరంగిపురం ఇంటిపెద్ద

డోన్ నుంచి నంద్యాల వైపు పోయే రైలు బేతంచెర్ల చేరిందని తెలియడానికి స్టేషన్ బోర్డు చూడనక్కర్లేదు. నిలబెట్టిన నాపబండల వరసలు, పనికిరావని పారేసిన ముక్కల గుట్టలు, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చి ఎండిన తెల్లబురద మేటలు ఆ సంగతి ముందే చెప్పేస్తాయి. ఇవే పట్టాల మీద తూర్పుగా పోయి నల్లమల దాటి, కంభం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా వెళితే గుంటూరు ఇంకా రాకముందే ఫిరంగిపురం తగులుతుంది. ఈ రెండు ఊళ్లనూ ఒక దారిగా చదవడానికి కారణం 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ. అయిదుగురు కొడుకులను పెంచిన తల్లి, భర్త పోయాక ఆడపిల్లలకు బడి పెట్టిన మనిషి, పునీత అన్నమ్మ పేరుతో రెండు మఠకన్యల సభలకు మూలమైన స్త్రీ. 2014లో కతోలిక సంఘం ఆమెను పునీత పట్టానికి తొలిమెట్టు అయిన దైవసేవకురాలిగా ప్రకటించింది. నా వాదన ఒక్కటే. జ్ఞానమ్మను సభాస్థాపకురాలిగా గుర్తుపెట్టుకున్న మనం ఆమెలోని ఇంటిపెద్దను వదిలేశాం. ఆ వదిలేయడం వల్లనే ఈ దారి పొడవునా చిన్న ఊళ్లలో కతోలిక ఇళ్లను నిలబెట్టిన ఆడవాళ్లు వర్ధంతి కార్డుల్లో తప్ప చరిత్రలో ఎక్కడా కనపడరు.

ముందు దారి సంగతి. ఈ రైలు యాత్రికుల కోసమో వ్యాపారుల కోసమో మాత్రమే వేసింది కాదు. 1876-78 నాటి కరువు కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. మళ్లీ అలాంటి కాలం వస్తే ధాన్యం అందించడానికి బళ్లారి నుంచి కృష్ణ ఒడ్డు దాకా మీటర్ గేజ్ దారి పడింది. 1990ల్లో అది బ్రాడ్‌గేజ్ అయింది. కానీ మనుషులు ఈ దిక్కుగా నడవడం పట్టాల కంటే చాలా పాతది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు, మదిగుబ్బ వంటి చోట్ల పని చేశారు. అప్పుడు రాయలసీమలో జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాల్లో చాలా యుద్ధాలకూ కరువులకూ తట్టుకోలేక గుంటూరు సీమకు తరలిపోయాయి. కొందరు ఇంకా దక్షిణంగా వెళ్లి ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని కీలచేరిలో స్థిరపడ్డారు. జెసూట్ సభ 1773లో రద్దయింది. గురువులు కరువైన ఊళ్లలో విశ్వాసం ఎలా నిలిచింది? ఉపదేశులు నిలిపారని చరిత్రకారులు రాస్తారు, అది నిజమే. కానీ ఉపదేశి ఊరూరా తిరిగే మనిషి. రోజూ సాయంత్రం ఇంట్లో జపమాల చెప్పించిందీ, శుక్రవారం ఏం వండాలో ఏం వండకూడదో చూసుకున్నదీ, పిల్లకు సంబంధం వెతికేటప్పుడు మతం గుర్తుంచుకున్నదీ ఇంట్లోని పెద్దావిడే. గురువు లేని కాలంలో ఇల్లే గుడి అయినప్పుడు ఆ గుడిని నడిపింది ఎవరో వేరే చెప్పాలా?

బేతంచెర్లలో ఈ మాట ఇంకాస్త కఠినంగా వినిపిస్తుంది. ఇక్కడి రాయి రాష్ట్రాలు దాటి పోతుంది. సీమలో మిద్దె కప్పుకూ, అరుగుకూ, గోడకూ, పొలం చుట్టూ కంచెకూ ఈ బండే. ఊరి పక్క బిళ్లసర్గం గుహల్లో 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వి తీసిన ఎముకలకు జాబితాలున్నాయి, వ్యాసాలున్నాయి. వేల ఏళ్ల కిందటి జంతువుల పళ్లకు దక్కిన శ్రద్ధ నిన్నమొన్న బండలు మోసిన ఆడవాళ్లకు దక్కలేదు. గనిలో రాయి పగలగొట్టే పని మగవాళ్లదని చెప్పుకుంటాం. మోసి పేర్చడం, ముక్కలు ఏరడం, ఆ పని లేనినాడు కలుపుకూ పత్తి తీతకూ పోవడం, తిరిగొచ్చి పొయ్యి ముట్టించడం ఎవరి పనో చెప్పుకోం. పాలిష్ మిషన్‌కు నీళ్లు కావాలి, రాయి అరిగిన పొడి ఆ నీళ్లలో కలిసి బురదవుతుంది, బురద వాగుల్లోకీ రోడ్ల పక్కకూ చేలగట్లకూ చేరుతుంది. అది ఎండాక గాలికి లేచి ఇళ్లలో పడితే రెండు పూటలా తుడిచేది మళ్లీ ఆ ఇంటావిడే. ఫ్యాక్టరీకి లాభం, పంచాయతీకి పన్ను, లారీకి బాడుగ. ఈ తుడుపు మాత్రం ఏ లెక్కలోనూ పడదు. ఆ బురదను ఇటుకలకో సిమెంటుకో వాడవచ్చని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు, మేటలు పెరుగుతూనే ఉన్నాయి. అందుకే ఒక అభ్యంతరాన్ని ఇక్కడే ఎదుర్కోవాలి. కష్టజీవి అయిన తల్లిని పొగడటం ఆమె మీద పడ్డ దోపిడీని పూలతో కప్పేయడమే గదా అని ఒక విమర్శ ఉంది. ‘త్యాగమూర్తి’ అన్న మాట వాడినంత కాలం ఆ విమర్శ న్యాయమైనదే. త్యాగం అంటే కూలి అడగక్కర్లేదు. పని అంటే మాత్రం గంటలు లెక్కపెట్టాలి, కూలి లెక్కపెట్టాలి, ఊపిరితిత్తుల్లోకి ఏం పోయిందో చూడాలి. కాబట్టి నేను అడిగేది ఇంకా పెద్ద పొగడ్తను కాదు, లెక్కను.

పాణ్యం దాటి నంద్యాల. ఈ చుట్టుపక్కల క్రైస్తవం అంటే జనానికి మొదట గుర్తొచ్చేది ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్. ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడు దాని పాత కేంద్రాల్లో ఒకటి. వాళ్ల కథ, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలవనని నంద్యాల మొండికేసిన కథ, వేరే రాయాల్సినవి. కతోలికులకు 1967లో కర్నూలు మేత్రాసనం వచ్చింది. నంద్యాలకు దగ్గర్లోనే, గడివేముల మండలం చిందుకూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనీ 2008లో దానికి పీఠాధిపతి అయ్యారు, 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దేశంలో మొదటి దళిత కార్డినల్. పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆగిపోతే మిషనరీలు ఆదుకుని మళ్లీ చదివించారన్నది పత్రికలన్నీ రాసిన సంగతే. ఆ వార్తకు మొత్తం సీమ పొంగిపోయింది, పొంగాల్సిందే. అయినా ఆయన ఎక్కిన నిచ్చెనను ఒకసారి నిదానంగా చూడాలి. పేద ఇంటి మగపిల్లవాడికి సెమినరీ అనే తలుపు ఉంది, దాని అవతల గురువు, పీఠాధిపతి, కార్డినల్ అనే మెట్లున్నాయి. అదే ఇంటి ఆడపిల్లకు రెండే తలుపులు, మఠం గానీ పెళ్లి గానీ. పెళ్లి తలుపులోంచి వెళ్లినవాళ్లే ఎక్కువ మంది. వాళ్లకు పదవి లేదు కాబట్టి జీవితచరిత్ర కూడా లేదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డ్ కులాల జాబితాలోంచి తీసేసింది. తర్వాత సిక్కులను చేర్చారు, బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి కింద ఒక శాతంతో సరిపెట్టారు. జ్ఞానస్నానంలో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో ఇంకొక పేరు పెట్టుకోవాల్సిన పరిస్థితి అలా వచ్చిందే. రెండు పేర్లనూ మోస్తూ, గుడిలో ఏది చెప్పాలో ఆఫీసులో ఏది చెప్పాలో పిల్లలకు నేర్పింది మళ్లీ ఇంట్లోని ఆ మనిషే. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. మోసం చేసింది చట్టమా, తల్లా అన్నది వాళ్లే తేల్చుకోవాలి.

గాజులపల్లె నుంచి నల్లమల. వదిలేసిన దొరబావి వంతెన, బొగద సొరంగం, దిగువమెట్ట, గిద్దలూరు. అడవి దిగాక కంభం చెరువు, మార్కాపురం రోడ్డు, దొనకొండ. ఇదంతా అమెరికన్ బాప్టిస్టులు తిరిగిన నేల. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన జాన్ క్లౌ ఒంగోలు నుంచి పని చేసింది ఈ పల్లెల్లోనే. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. అందులో ఆడవాళ్లెందరో ఎవరూ చెప్పరు.

ఇక ఫిరంగిపురం. 1888లో మొదలుపెట్టి 1891లో మిషనరీ గురువు థియోడర్ డీక్‌మన్ పూర్తి చేసిన బాలయేసు దేవాలయం దూరం నుంచే కనపడుతుంది, ఊరికి వచ్చినవాళ్లు ఫొటో తీసేది దాన్నే. కానీ ఆ గోడలు లేవక ముందే, 1874 డిసెంబరులో, జ్ఞానమ్మ కన్నుమూసింది. ఆమె చేసిన పనిని తేదీల వరసలో పెడితే ఒక సంగతి తేలుతుంది. ఫిరంగిపురంలో పుట్టి, పెళ్లయి, కీలచేరిలో సంసారం చేసి, వితంతువై, 1863 నాటికి అక్కడ ఆడపిల్లల చదువు కోసం పునీత అన్నమ్మ సభకు పునాది వేసింది. తర్వాత పుట్టిన ఊరికి వచ్చి, 1874లో ఇక్కడ ఇంకొక సభకు పునాది వేసింది. ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టింది కూడా 1874లోనే. అది తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కీలచేరి బడి అంతకు పదకొండేళ్లు ముందుది, అది నాకు తెలిసి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఎవరు ముందన్న పోటీ నాకు ముఖ్యం కాదు, కోస్తా పట్నాల్లో ప్రొటెస్టెంటు మిషనరీల ఆడవాళ్లు ఇంకా ముందే బళ్లు నడిపారు. ముఖ్యమైంది ఏమిటంటే ఇక్కడ బడి పెట్టింది దొరసాని కాదు, సంస్కర్త కాదు, కొడుకులను పెంచిన ఒక తెలుగు వితంతువు. ఆడపిల్లను బడికి పంపమని తండ్రిని ఒప్పించాలి. పెళ్లి వద్దనుకున్న పిల్లలకు కూడూ గుడ్డా నీడా చూడాలి. మద్రాసులోని పీఠాధిపతుల అనుమతి తేవాలి. కులం గీసిన గీతల మధ్య నడవాలి. ఇవన్నీ ఒకసారి కుదిరితే అదృష్టం అనవచ్చు, వేరే సీమలో రెండోసారీ కుదిరాయంటే అది నేర్పు. రెండో సభ పుట్టిన ఏడాదిలోనే ఆమె పోయింది, సభ మాత్రం ఈనాటికీ ఉంది. తాను లేకపోయినా పొయ్యి ఆరకుండా పని అప్పజెప్పి పోవడం పెద్ద సంసారం నడిపినవాళ్లకు వచ్చే విద్య. భక్తిపుస్తకాలు ఆమె సంసారాన్ని ముందుమాటలాగా నాలుగు ముక్కల్లో తేల్చేసి సభ దగ్గర కథ మొదలుపెడతాయి. నా దృష్టిలో అసలు శిక్షణ ఆ ముందుమాటలోనే ఉంది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. జ్ఞానమ్మ రెడ్డి కుటుంబపు స్త్రీ, భూమీ బంధుబలగమూ ఉన్న కులం, ఆమెను బేతంచెర్ల బండల కూలీ పక్కన నిలబెట్టడం కులాన్ని దాచడమే అనవచ్చు. కాదనను. మతం మారినా కులం మారని ఈ సమాజంలో గుడిలో ఎవరెక్కడ కూర్చోవాలో, శ్మశానంలో ఎవరినెక్కడ పూడ్చాలో అన్న తగాదాలు నడిచాయి. అయితే పవిత్రత కొలమానంగా పెట్టుకుంటే ఒక్క జ్ఞానమ్మే మిగులుతుంది. పని కొలమానమైతే ఆ ఇద్దరి మధ్య తేడా ఎంతో, అందులో కులం ఇచ్చింది ఎంతో, మనిషి సంపాదించుకున్నది ఎంతో విడదీసి చూడగలుగుతాం. కులాన్ని దాచేది పొగడ్త, బయటపెట్టేది లెక్క. రెండో అభ్యంతరం: దైవసేవకురాలని ప్రకటించాక ఇంకా మరిచిపోయారని అనడమేమిటి? నిజానికి పునీత పట్టానికి సంఘం పరీక్షించే సుగుణాల్లో విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలతోపాటు వివేకం, న్యాయం, ధైర్యం, మితం కూడా ఉన్నాయి. ఇల్లు నడపడం, బడి నడపడం వివేకం కిందికే వస్తాయి. లోపం సంఘం నియమాల్లో కంటే మనం అచ్చు వేసుకునే పుస్తకాల్లో ఎక్కువగా ఉంది. వాటిలో జ్ఞానమ్మ ఎప్పుడూ ప్రార్థిస్తూ ఉంటుంది, ఎప్పుడూ బియ్యం కొలవదు.

ఆధారాలు లేవన్న సాకు కూడా నిలవదు. ప్రభుత్వపు బడి రిజిస్టర్లలో చాలాకాలం తండ్రి పేరే అడిగారు. విచారణ (పారిష్)లోని జ్ఞానస్నానపు పుస్తకంలో మాత్రం తల్లి పేరూ, జ్ఞానతల్లి (గాడ్‌మదర్) పేరూ రాయడం నియమం. ఒకే పేరు జ్ఞానతల్లిగా ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో వెతికితే ఆ వాడలో ఎవరి మాట చెల్లిందో, ఎవరి మీద ఎంతమంది ఆధారపడ్డారో తెలుస్తుంది. పెళ్లి పుస్తకాల సాక్షుల సంతకాలు, వేలిముద్రలు చూస్తే ఏ తరంలో ఆడవాళ్లు రాయడం నేర్చారో కూడా బయటపడుతుంది. ఫిరంగిపురంలోనూ నంద్యాలలోనూ ఈ పని చేయడానికి పురావస్తు శాఖ అక్కర్లేదు. విచారణ గురువుల అనుమతి, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, ఒక వేసవి సెలవు చాలు.